సువార్తమ్మ గారి ఎడమ చెవి

బెజవాడ ఎలా ఉందని అడిగిన వాళ్లందరికీ "ఒకటే ఉక్క" అని చెప్పి తప్పించుకున్నాను. అంతకంటే ఎక్కువ మాట్లాడితే గొంతు లేస్తుందని నాకు తెలుసు. ఇప్పటికి కాస్త కుదురుకున్నాను కాబట్టి రాస్తున్నాను. కోపం పోయిందని కాదు, కూర్చుని రాయగలిగేంత అణిగింది, అంతే.

నేను అనంతపురంలో ఆడపిల్లలకు బుర్రకథ నేర్పుతాను. ఈ విద్య నాకు ఏ గురువూ ఎదుట కూర్చోబెట్టి నేర్పలేదు. వెంకటరత్నం గారి క్యాసెట్లు నేర్పాయి. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఆ గొంతు మా పెదనాన్న టేప్‌రికార్డర్‌లో మోగుతుంటే వీధి వీధంతా మా అరుగు మీదికి చేరేది. ఊహ తెలియకముందే పెళ్లి చేసేసిన ఒక పిల్ల కథ చెప్పేవారాయన. "ఆ పిల్ల ఏం తప్పు చేసిందయ్యా?" అని ఆయన నిలదీసిన చోట మగవాళ్లు కూడా కండువాతో మొహం తుడుచుకునేవారు. నేను పదో తరగతిలో ఉండగా నాకు సంబంధం ఖాయం చేశారు. అప్పుడు ఆ ప్రశ్నే మా నాన్నను అడిగాను. పెళ్లి ఆగింది, చదువు ఆగలేదు. ఈ రోజు నాకు నచ్చిన బతుకు బతుకుతున్నానంటే అందులో వెంకటరత్నం గారి చెయ్యి ఉంది. ఈ మాట ముందే చెప్పాలి. లేకపోతే తర్వాత చెప్పబోయేది ఎవరో గిట్టనివాళ్లు అన్న మాటలా ఉంటుంది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. సొంతూళ్లో విగ్రహం పెడుతున్నామని, వచ్చి నాలుగు మాటలు మాట్లాడమని కమిటీ కార్యదర్శి ప్రసాద్ గారు ఫోన్ చేసినప్పుడు పట్టలేని సంతోషంతో పిల్లలకు సెలవిచ్చేశాను.

గవర్నర్‌పేట

కమిటీ వాళ్లు నాకు గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో గది తీసి పెట్టారు. కిటికీ తెరిస్తే ఆటోల హారన్లు, మూస్తే ఉక్క. పొద్దున ప్రసాద్ గారే వచ్చి టిఫినుకు తీసుకెళ్లారు. ఉగ్గాని, బజ్జీ తిని లేచే మా వైపు వాళ్లకు ఇక్కడి టిఫిను ఒక పెళ్లి భోజనం. ఇడ్లీ మీద నెయ్యి పోసి, కారప్పొడి చల్లి, అల్లం పచ్చడి విడిగా పెట్టి, అది పూర్తికాకముందే "పెసరట్టు వేయించమంటారాండీ?" అంటారు. గోడ మీద ధర చూసి 'ఇంతా!' అనుకున్నాను గానీ తిన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఇంకో వింత, ఇక్కడ తిట్టేవాడు కూడా 'అండీ' అనే తిడతాడు. అడ్డమొచ్చిన స్కూటరతన్ని మా ఆటో డ్రైవరు "కళ్లు కనపట్టంలేదాండీ?" అని కసురుకున్నాడు. మా ఊళ్లో కోపమొస్తే ముందు మర్యాద పోతుంది, ఏమనుకుంటున్నారో తెలిసిపోతుంది. ఇక్కడ మర్యాద చెక్కుచెదరదు, వెనకేముందో కనపడదు. ఆ పూట అది నవ్వులాటగానే అనిపించింది.

ప్రసాద్ గారికి ఆ పక్క సందులోనే స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టుంది. మెత్తటి మనిషి. ఆహ్వానపత్రిక నా చేతికిచ్చి, విగ్రహం కింద రాతి పలక మీద కూడా ఇవే మాటలు చెక్కించామని చెప్పారు. వెంకటరత్నం గారి గొప్పదనం అంతా అయ్యాక చివర ఒక వాక్యం ఉంది: "భర్త కళాసేవ కోసం వేదికను స్వచ్ఛందంగా వదులుకున్న త్యాగమూర్తి శ్రీమతి సువార్తమ్మ."

సువార్తమ్మ గారు ఆయన భార్య. పెద్ద రైతు కుటుంబంలో పుట్టిన ఆయన, ఊరు కాదన్నా వినకుండా, ఊరవతల పల్లెలో ఉండే క్రైస్తవుల అమ్మాయిని చేసుకున్నారు. కళాకారులు ఆ పెళ్లిని ఈనాటికీ ఆదర్శంగా చెప్పుకుంటారు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు, గుమ్మెటలు వాయిస్తూ 'తందాన తాన' అందుకుంటారు. మొదటి క్యాసెట్లలో ఆ అందుకునే గొంతు ఆవిడదే. తర్వాతి క్యాసెట్లలో ఆ గొంతు లేదు.

"ఆవిడ ఉన్నారా ఇంకా?" అని అడిగాను.

"ఉన్నారండీ. కానీ మతి సరిగ్గా లేదండీ, ఎవర్నీ గుర్తుపట్టరు. మీరు అంత దూరం వెళ్లినా ప్రయోజనం ఉండదండీ" అన్నారు ప్రసాద్ గారు, నా ప్లేటులోకి ఇంకో గరిటె పచ్చడి వేయిస్తూ.

హనుమాన్ జంక్షన్

సభ మర్నాడు కాబట్టి ఈలోపు కూచిపూడి చూద్దామని బయల్దేరి తప్పు బస్సెక్కాను. ఎటు పోతుందో అడగకుండా ఎక్కడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. హనుమాన్ జంక్షన్‌లో కండక్టరు "కూచిపూడి ఇటెందుకుంటదండీ!" అని నవ్వి దింపేశాడు. లారీలు, దుమ్ము, జామకాయల బళ్లు, నాలుగు దిక్కులకూ అరిచే జీపు డ్రైవర్లు. గుడివాడ బస్సెక్కి అక్కణ్నుంచి ఇంకో బస్సు పట్టుకోమన్నారు.

టీ కొట్టు బల్ల మీద నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. తెల్ల పంచె, చేతిలో ఎరువుల కొట్టు సంచీ. మాటల్లో వెంకటరత్నం గారి పేరెత్తగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఆయన కథంటే అన్నం వండుకునేవాళ్లు కాదండీ ఆడోళ్లు. బళ్లు కట్టుకుని పొయ్యేవోళ్లం. ఆయన నవ్వమంటే నవ్వాం, ఏడవమంటే ఏడ్చాం. అట్టాంటోడు మళ్లీ పుట్టడండీ."

"సువార్తమ్మ గారు కూడా పాడేవారు కదా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "పాడేది. బాగా పాడేది. తర్వాత చెవుడొచ్చింది."

"ఎట్లా వచ్చిందప్పా?"

"ఏమోనండీ. సంసారమన్నాక ఏవో ఉంటయ్." ఆ వెంటనే గొంతు తగ్గించి, "గుడివాడ దాటాక కాలవ గట్టునే ఉంటది. చర్చి పక్కిల్లు. మనిషి గట్టిగానే ఉంది, మొన్న ఆసుపత్రి కాడ నన్ను పేరెట్టి పిలిచింది" అన్నాడు.

మతి లేని మనిషి పేరు పెట్టి పిలిచిందన్నమాట. ఇక కూచిపూడి ఆలోచన మానుకున్నాను.

కాలవ గట్టు మీద ఇల్లు

గుక్కెడు నీళ్ల కోసం బోరు మీద బోరు వేసే ఊరి నుంచి వెళ్లినదాన్ని. అంత నీరు అడిగేవాడు లేకుండా పారుతుంటే మామూలుగానే కడుపు మండుతుంది. ఆ రోజు ఆ గట్టు మీద నల్లరేగడిలో నా చెప్పు దిగబడి తెగింది. ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలికి బురదతో సువార్తమ్మ గారి గుమ్మం ముందు నిలబడ్డాను.

తలుపు తీసింది ఆవిడ కూతురు గ్రేస్. గుడివాడలో నర్సు, ఆ పూట సెలవు. నేనెవరో చెప్పగానే ముందు కాళ్లకు నీళ్లిచ్చింది. తర్వాత, "అమ్మకి కుడిపక్క కూర్చోండి. ఎడమ చెవి అసలు వినపడదు" అంది.

సువార్తమ్మ గారు బియ్యం ఏరుతున్నారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. నేను మొదటి క్యాసెట్ పేరు చెప్పి, అందులో ఆవిడ ఒక్కరే పాడే చరణం ఎత్తుకున్నాను. రెండో మాటకే చెయ్యెత్తి ఆపారు.

"అక్కడ సాగదియ్యకూడదమ్మా. తుంచాలి."

ఎవర్నీ గుర్తుపట్టరని ప్రసాద్ గారు నాకు చెప్పింది ఈవిడ గురించే.

నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. నా ఒళ్లోని ఆహ్వానపత్రిక ఆవిడే తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, చివరి వాక్యం దగ్గర వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టారు.

"ఆ క్యాసెట్టు బయటికొచ్చాక ఎక్కడికెళ్లినా ఆ చరణం నన్ను వన్స్ మోర్ అడిగేవాళ్లు. ఆయనకి నచ్చేది కాదు. నేను మెల్లిగా పాడేదాన్ని, గొంతు దాచుకునేదాన్ని. అయినా అడిగేవాళ్లు. అవనిగడ్డ అవతల ఒక ఊళ్లో మూడుసార్లు పాడించారు. కథ అయిపోయి తెర వెనక్కొచ్చాం. బయట జనం ఇంకా చప్పట్లు కొడతానే ఉన్నారు. ఆయన కొట్టాడు. చేతికున్న అందెలు కూడా తియ్యకుండా కొట్టాడు."

అందెలంటే కథకుడు వేళ్లకు తొడుక్కునే ఇత్తడి కడియాలు. లోపల గుళ్లుంటాయి, వాటి చప్పుడుతోనే తాళం నడుస్తుంది. నా బడిలో పిల్లలు వాటికి దణ్ణం పెట్టి గానీ తొడుక్కోరు.

"ఎడమ చెవిలోంచి రక్తం ఆగలేదు. శ్రుతి వినపడకుండా వంత ఏం పాడతాననుకున్నావ్? నన్ను పుట్టింటికి పంపించి వంతకి ఇంకొకర్ని పెట్టుకున్నాడు. నేను మానెయ్యలేదమ్మా. త్యాగం కూడా చెయ్యలేదు. నాకు పాడటమంటే పిచ్చి."

ఆ రాత్రి ఆయన చెప్పిన కథ ఏమిటో అడిగాను. నాకు పెళ్లి తప్పించిన కథే.

"మరి ఇప్పుడు నేనేం చెయ్యాలమ్మా? ఆయన కథ ఎట్లా పాడాలి?" అన్నాను.

ఆవిడకు కోపమొచ్చింది. "అది నన్నడుగుతావేంటి? పాడతావో మానేస్తావో నీ ఇష్టం. నీకు నేను అనుమతి చీటీ రాసివ్వాలా?"

సిగ్గుపడ్డాను. కాసేపటికి ఆవిడే మెత్తబడి అన్నారు. "పాస్టరు గారు కూడా క్షమించమంటాడు. మా ఆయన చివరిదాకా క్షమించమని అడగలా. అడగనోడికి ఏమిస్తామమ్మా? ఆయన గొంతు గొప్పదే, నేనెప్పుడూ కాదన్లా. విగ్రహం పెట్టుకోమను. దండలేసుకోమను. నా పేరు కింద అబద్ధం రాయొద్దని మాత్రం చెప్పు. గ్రేస్ రెండుసార్లు ఫోన్ చేసింది, 'చూద్దామండీ' అన్నారు."

గ్రేస్ అన్నం పెట్టింది. చిన్న చేపల పులుసు, గోంగూర. నేను ముద్ద కలుపుతూనే కూర్చున్నాను. గ్రేస్ మాత్రం మామూలుగా తింటూ, "నాన్న పాట నా ఫోన్లో ఉందండీ. డ్యూటీకెళ్లేటప్పుడు ఒక్కోసారి పెట్టుకుంటా. బాగుంటుంది. అదే నా బాధ" అంది.

భోజనాల పందిరి

మర్నాడు విగ్రహం పెట్టే ఊరు చేరేసరికి మైకులో ఆయన గొంతే మోగుతోంది. ఊరంతా ఫ్లెక్సీలు. నా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయి నేనింకెవరో అయిపోయాను. పందిట్లో కోడి పలావు, పప్పుచారు, బందరు లడ్డు. కొసరి కొసరి వడ్డిస్తున్నారు.

ప్రసాద్ గారిని పక్కకు పిలిచాను. "ఆవిడకు మతి బాగానే ఉంది. నాకెందుకు అబద్ధం చెప్పినారు?"

ఆయన తొణకలేదు. "మేడమ్ గారూ, మీరు నొచ్చుకుంటారనేనండీ."

"రాయి మీద ఆ వాక్యం తీసెయ్యండి."

"ఇప్పుడెట్టా కుదురుతుందండీ? ముఖ్య అతిథి గారు బయల్దేరారు కూడా. అయినా మాకు తెలీదనుకున్నారా? ఆ రాత్రి ఊరు తీసుకొచ్చాక ఆవిడ చెవికి మా అమ్మే గుడ్డ కట్టిందండీ. ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. కళాకారులకి కోపం సహజమండీ. ఆయన పోయారు, ఆవిడ పెద్దదైపోయింది. ఇప్పుడు తవ్వి ఎవరికి లాభమండీ?"

వాళ్లకు తెలియదేమోనని, చెప్తే ఉలిక్కిపడతారని అక్కడి దాకా వచ్చాను. అందరికీ తెలుసు. గుడ్డ కట్టినావిడ కొడుకే కూర్చుని 'స్వచ్ఛందంగా' అనే మాట ఎంచి రాయించాడు.

"ఏమప్పా, చేతికి ఇత్తడి తొడుక్కుని పెండ్లాం చెవి పగలగొట్టడం కూడా కళేనా?" అన్నాను. నా గొంతుకు పందిట్లో విస్తళ్ల ముందు చేతులు ఆగాయి. ప్రసాద్ గారు చిరునవ్వుతో, "మేడమ్ గారికి ఎండ తగిలినట్టుంది, మజ్జిగ తీసుకురండయ్యా" అని కేకేశారు.

ఆ మజ్జిగ తాగలేదు. ఇంకా చాలా అనాల్సింది, అప్పుడు మాటలు తట్టలేదు.

వేదిక

సభ మొదలయ్యాక గ్రేస్ తల్లిని ఆటోలో తీసుకొచ్చింది. ఆవిడను చూడగానే కమిటీ వాళ్లు పరుగున వెళ్లి శాలువా పట్టుకుని వేదిక ఎక్కమన్నారు. ఆవిడ ఎక్కలేదు. శాలువా కూడా తీసుకోలేదు. ముందు వరసలో, కుడి చెవి వేదిక వైపు ఉండేలా కుర్చీ తిప్పుకుని కూర్చున్నారు.

నా వంతు వచ్చింది. ముందు పాడాను. ఆ పిల్ల కథలోంచి, ఆయన బాణీలోనే, నాకు చేతనైనంత బాగా పాడాను. జనం కదిలిపోయారు. ముందు వరసల్లో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. అప్పుడు చెప్పాను. "ఈ పాట నన్ను బతికించింది. ఈ పాట పాడినాయనే, ఇదే కథ చెప్పి వేదిక దిగి, తనతో పాడిన భార్యను కొట్టినాడు. ఆమె ఎడమ చెవి పోయింది. ఆమె వేదిక వదులుకోలేదు..."

మైకు చచ్చిపోయింది. ఎవరో తీగ పీకేశారు. వెనక నుంచి అరుపులు మొదలయ్యాయి. "దించండి ఆవిణ్ని!" అని ఒకరు, "చెప్పనివ్వండి" అని ఇంకొకరు. ప్రసాద్ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు, అదీ మర్యాదగానే.

అప్పుడు సువార్తమ్మ గారు లేచారు. మైకుల్లేని పల్లెల్లో వేల మందికి వినిపించిన గొంతు అది. తన గొంతు తనకు సగమే వినపడుతుంది కాబట్టి తగ్గించడం కూడా తెలియదు.

"నేను మానెయ్యలేదు! కొట్టి మాన్పించాడు! ఆ రాయి మీద అబద్ధం తీసెయ్యండి!"

అంతే. కూర్చున్నారు. పందిరి చివర దాకా ఆ మాట వెళ్లింది. ముఖ్య అతిథి ఏం చెయ్యాలో తోచక తాడు లాగారు. ముసుగు జారింది, మేళం మోగింది, అలవాటు కొద్దీ కొందరు చప్పట్లు కొట్టారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. ఒక ముసలావిడ మాత్రం సువార్తమ్మ గారి దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుని నిలబడింది. గ్రేస్ తర్వాత చెప్పింది, ఆమె ప్రసాద్ గారి తల్లి అని.

సిమెంటు

ఆ రాత్రి గ్రేస్ వాళ్లింట్లోనే పడుకున్నాను. పొద్దున ఆ ఊరి నుంచి గ్రేస్‌కు ఎవరో ఫోన్ చేశారు. మేస్త్రీ వచ్చి రాతి పలక మీద ఏదో చేసి వెళ్లాడని. ముగ్గురం ఆటో మాట్లాడుకుని వెళ్లాం.

చివరి వాక్యం లేదు. వాక్యం మొత్తం మీద సిమెంటు మెత్తి నున్నగా చదును చేశారు. 'స్వచ్ఛందంగా' పోయింది. 'త్యాగమూర్తి' పోయింది. 'సువార్తమ్మ' కూడా పోయింది. అబద్ధం తీసెయ్యమంటే మనిషినే తీసేశారు. నా నోటికొచ్చిన తిట్లు ఇక్కడ రాయలేను. గ్రేస్ రాయి వైపు చూడకుండా కాలవ వైపు తిరిగి నిలబడింది.

సువార్తమ్మ గారు ఇంకా తడిగా ఉన్న సిమెంటును వేలితో తాకి, ఆ వేలు కొంగుకు తుడుచుకున్నారు. "నయమేలే, అబద్ధం పోయింది" అన్నారు. తర్వాత తలెత్తి విగ్రహాన్ని చాలాసేపు చూశారు.

"ముక్కు బాగా కుదిరింది" అన్నారు.

నేను ఆవిడ వైపు ఎలా చూశానో ఏమో, ఫక్కున నవ్వారు. "అట్టా చూస్తావేంటమ్మా? ముక్కు ఆయనదే. కుదిరింది కుదర్లేదని చెప్పమంటావా? పద, ఎండెక్కుతోంది."

ఉయ్యూరు మీదుగా బెజవాడ వచ్చే బస్సులో దారి పొడుగునా ఆ మాటకు కోపం తెచ్చుకోవాలని చూశాను. ఆవిడ మీద కోపం రాలేదు.

అనంతపురం

వచ్చాక ఆయన క్యాసెట్లన్నీ పారేద్దామనుకున్నాను. పారెయ్యలేదు. ఈ మధ్య మా పక్క మండలంలో ఒక బళ్లో కథ ఒప్పుకున్నాను. ఆయన కథే. మొదలుపెట్టే ముందు, ఇది ఎవరి బాణీయో చెప్పాను, ఆ బాణీ కట్టినాయన తన భార్యను ఏం చేశాడో ఆవిడ పేరుతో సహా చెప్పాను. ఇద్దరు పెద్దమనుషులు లేచి వెళ్లిపోయారు. హెడ్మాస్టరు గారి మొహం మాడింది, మళ్లీ పిలుస్తారనుకోను. మిగిలినవాళ్లు కూర్చున్నారు. ఏడవాల్సిన చోట, అన్నీ తెలిసి కూడా, ఏడ్చారు. అది చూసి నాకు సంతోషం కలగలేదు. ఇంత పని చెయ్యగలిగిన గొంతుతో ఆ మనిషి అంత పని ఎందుకు చేశాడని ఒళ్లు మండింది. మండుతూనే చివరి దాకా పాడాను.

అంతా అయ్యాక చంకలో బిడ్డతో ఒకావిడ నా దగ్గరికొచ్చింది.

"ఆయమ్మ పేరేమంటివి మేడమ్? నాకు సరిగ్గా ఇనపల్లేదు."

"సువార్తమ్మ."

"సువార్తమ్మ" అని ఆమె ఒకసారి పైకి అనుకుని, బిడ్డను ఇంకో చంకలోకి మార్చుకుని వెళ్లిపోయింది.